కొట్లో కాయ కొని గుళ్ళో కొట్టే ఊళ్ళో
(అప్పనపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఈ ఊళ్ళో మాస్టారంటే ఇంటిపేరు చెప్పక్కర్లేదు. బడిలో ఆయన తెలుగు చెప్పారు. బడి విడిచాక వీధిలో తెలుగు విన్నారు. రెండో పని ఇంకా శ్రద్ధగా చేశారని ఆయన శిష్యుడిగా గట్టిగా చెప్పగలను. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్ళ దగ్గర, కాయ ఒలిచేవాళ్ళ దగ్గర, వైనతేయ నది రేవులో నిలబడేవారు. చెవిన పడ్డ మాటను కాయల చీటీ వెనకో శుభలేఖ వెనకో రాసుకునేవారు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు కావ్యాల జోలికి పోవడం నాకు సబబుగా తోచలేదు. ఆ కాగితాల్లో మాటిమాటికీ కనబడే ఒక చిన్న మాటనే తీసుకున్నాను. అది ‘కొట్టు’.

తెలుగు పరీక్షలో నానార్థాలని ఒక ప్రశ్న ఉంటుంది. మనమంతా రాసి వచ్చినవాళ్ళమే. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప. కరము అంటే చెయ్యి, కిరణం, తొండం, పన్ను. అమరకోశం మూడో కాండలో నానార్థవర్గం అని ఒక భాగమే ఉంది. అది గొప్ప సంప్రదాయం, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే కప్పను చూసి హరి అన్న మనిషి కోనసీమలో నాకు తగల్లేదు. పిల్లాడు ఆ జాబితా బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటాడు. హాలు బయటికి వచ్చి, “ఒరేయ్, ఆడు కాపీ కొట్టాడు, మనకంటే ఎక్కువ మార్కులు కొట్టేత్తాడు, నాకు బోరు కొడతంది, పద ఈత కొడదాం” అంటాడు. ఒక్క ఊపిరిలో ఒకే క్రియ నాలుగు అర్థాల్లో వాడాడు. ఒక్కటీ తప్పలేదు. ఎవరూ నేర్పలేదు. ఆ తెలివికి మన పరీక్షలో అర మార్కు కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదేనండి. నానార్థాలు పుట్టించేది పని చేసుకునే మనుషులు. వాళ్ళు ఏం చేశారో, ఏం భరించారో, ఎవరి మీద కోపం తెచ్చుకున్నారో ఆ అర్థాల్లో నిలిచి ఉంటుంది. దాన్ని వీధి మాట అని పక్కన పెడితే మన బతుకునే పక్కన పెట్టినట్టు.

ముందు నామవాచకం చూద్దాం. రాయలసీమ వాళ్ళకు అంగడి, తెలంగాణ వాళ్ళకు దుకాణం, మనకు కొట్టు. కిళ్ళీ కొట్టు, పచారీ కొట్టు, బట్టల కొట్టు, మందుల కొట్టు. పొద్దున్నే కొట్టు తీస్తాం, రాత్రికి కొట్టు కట్టేస్తాం. అమ్మే చోటుకే కాదు, దాచే చోటుకూ ఇదే పేరు. ఇంట్లో కొట్టుగది ఉంటుంది, రైతుకు ధాన్యం కొట్టు ఉంటుంది, మన వర్తకులకు కొబ్బరి కొట్టు ఉంటుంది. ఆ కొట్లో డొక్క తియ్యని కాయను అటక మీద నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా వదిలేస్తే లోపలి నీళ్ళు ఇగిరిపోతాయి. కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపోతుంది. ఊపితే లోపల ఆడుతుంది. అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్ ధరల్లో గండేరా, గటగటా అని పత్రికలు వేసే పేర్లు ఈ కురిడీ రకాలవే. ఆ పేర్లు చూసి బయటి ఊళ్ళవాళ్ళు ఏ భాష అని అడుగుతారు. కొట్లో పుట్టిన భాష అని చెప్పాలి.

ఈ ఊరి బాలబాలాజీ స్వామి గుడి కూడా కొబ్బరి వర్తకులైన మొల్లేటి రామస్వామి గారి భక్తితో మొదలైనదే. అందుకే తెలుగుదేశంలో ఇంకెక్కడికంటే ఇక్కడ ఒక వాక్యం బాగా అతుకుతుంది: “కొట్లో కాయ కొనుక్కుని గుళ్ళో కొట్టించుకో.” ఒకే వాక్యం, రెండు కొట్లు. ఒకదానికొకటి చుట్టరికం ఉందా అంటే పండితులు రెండింటినీ వేరు మాటలుగానే చూస్తారు. క్రియ ద్రావిడ భాషలదే. తమిళంలో, మలయాళంలో కొట్టు అంటే వాద్యం మోగించడం. దాచే చోటును సంస్కృత కోష్ఠంతో ముడిపెట్టినవాళ్ళున్నారు, కొట్టంతో కలిపినవాళ్ళున్నారు. పుట్టుక వేరైనా ఈ ఊళ్ళో మాత్రం రెండూ ఒకే కాయ చుట్టూ తిరిగాయి.

ఇక క్రియ. అన్నిటికంటే ముందున్న అర్థం దెబ్బ. దీనికొక లక్షణం ఉంది. పక్కన ఏ మాటా లేకుండా ఒట్టిగా కొట్టాడు అంటే ముందు దెబ్బే గుర్తొస్తుంది. మిగతా అర్థాలకు తోడు మాట కావాలి, లేదా అక్కడి సందర్భం కావాలి. ఈత అనో, గంట అనో, సిక్సర్ అనో ఉండాలి. పుట్టింటి గుమ్మంలోకి వచ్చి ఆడపిల్ల “కొడతన్నాడమ్మా” అంటే ఎవరు, ఏమిటి, దేంతో అని వివరం అడిగే తల్లి ఉండదు. ఆ రెండు ముక్కల్లో వాక్యం నిండిపోయింది. మన సామెత ఒకదాంట్లో మాత్రం కొట్టింది ఆడదే, మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కింది అని. మాస్టారు తన కాగితంలో ఈ సామెత పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. ఏ ఇంట్లో ఎవరు కొట్టారో ఊరందరికీ తెలుసు, సామెత ఎవరి వైపు నిలబడిందో కూడా తెలియాలి. ‘కొట్టినా తిట్టినా మొగుడే’ అని ఆడపిల్లకు చెప్పే మాట వాడుకలోంచి పోతే నేను ఒక్క పూట కూడా బాధపడను.

ఈ క్రియకే ‘వేయు’ చేర్చి చూడండి. కొట్టేశారు. బస్సులో పర్సు కొట్టేశారు, దొంగతనం. గట్టు మీద చెట్టు కొట్టేశారు, నరకడం. కోర్టులో కేసు కొట్టేశారు, విచారించి తోసిపుచ్చడం. మొదటి బహుమతి కొట్టేశాడు, గెలవడం. లిస్టులో పేరు కొట్టేశారు. ఈ చివరిదాని దగ్గర కాసేపు ఆగుతాను.

ఆఫీసు వరండాలో ఒక ముసలాయన చేతిలో కార్డు పట్టుకుని, “నా పేరు కొట్టేశారండి” అంటాడు. కాగితం మీద జరిగింది ఏమిటి? కలంతో అడ్డంగా ఒక గీత. లేదా కంప్యూటర్లో ఒక నొక్కు. గోడకు అంటించిన నోటీసులో అదే సంగతి ‘తొలగించబడినది’ అని ఉంటుంది. ఆ మాటలో తొలగించినవాడు ఎక్కడా కనబడడు. పేరు దానంతట అదే లేచిపోయినట్టుంటుంది. ముసలాయన మాటలో చివరన ‘ఆరు’ ఉంది. ఎవరో చేశారు. చేసినవాళ్ళున్నారు, వాళ్ళను అడగొచ్చు. దెబ్బ తగిలినవాడి ఒళ్ళు కూడా ఆ మాటలోనే ఉంది. ఆయన భాష నోటీసు భాషకంటే మోటు అని మనం అనుకుంటాం. నాకు మాత్రం ఆయన భాషే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది, న్యాయానికీ దగ్గరగా ఉందనిపిస్తుంది.

బయటి మాట తెలుగులోకి రావాలంటే ఒక క్రియ చెయ్యి పట్టుకుని రావాలి. చెయ్యడం, పెట్టడం, వెయ్యడం, కొట్టడం, ఈ నాలుగూ ఆ పని ఎక్కువ చేస్తాయి. వీటిలో ఏది తోడొస్తే అర్థం అటు తిరుగుతుంది. కాగితాలు కాపీ చెయ్యడంలో తప్పేమీ లేదు, పరీక్షలో కాపీ కొట్టడం తప్పు. కలెక్టరు గారికి ఫోను చేస్తాం, చిన్ననాటి స్నేహితుడికి ఫోను కొడతాం. కలెక్టరు గారికి ఫోను కొట్టానన్నవాడు తన దర్జా గురించి చెబుతున్నాడని వినేవాళ్ళకు అర్థమైపోతుంది. పోజు కొట్టడం, డైలాగు కొట్టడం, బడికి డుమ్మా కొట్టడం, తన డబ్బా తనే కొట్టుకోవడం, అన్నిట్లోనూ ఒక దుడుకు ఉంది. ఒక్క వేటులో పని అయిపోవాలన్న తొందర ఉంది. చూసేవాళ్ళ తీర్పు కూడా ఉంది. చెయ్యడం పనిని చెబుతుంది, కొట్టడం పని మీద మన అభిప్రాయాన్ని కూడా చెబుతుంది. ఈ తేడా ఏ వ్యాకరణంలో చదివి మన పిల్లలు పట్టుకున్నారు?

చేతిపని ఎక్కడుందో అక్కడ ఈ మాట తీర్పు మానేసి ఒట్టి పనిముట్టు అయిపోతుంది. సైకిలుకు గాలి కొట్టాలి. గోడకు సున్నం కొట్టాలి. బోరింగు పంపు కొట్టాలి. వరికి మందు కొట్టాలి. ఈ ఆఖరిది రైతు నోట పురుగుమందు, సాయంత్రం కల్వర్టు మీద కూర్చున్న కుర్రాళ్ళ నోట వేరే మందు. పొద్దున్నే నాన్న మందు కొట్టడానికి వెళ్ళాడని రైతు పిల్లాడు చెబితే పట్నం టీచరమ్మ కంగారుపడటం సహజం. ఆ పిల్లాడికి మాత్రం రెండు అర్థాలూ తెలుసు. ఏది ఎప్పుడో కూడా తెలుసు.

‘నాకది కొట్టిన పిండి’ అంటాం, బాగా వచ్చిన విద్య అని. ఆ మాట ఆడవాళ్ళ చేతుల్లోది. సంక్రాంతికి అరిసెలకని బియ్యం నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి ఆరకముందే రోట్లో పోసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో కొట్టేవారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. లయ తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. జల్లించి, పైన మిగిలిన నూక మళ్ళీ రోట్లో వేసి, మళ్ళీ కొట్టి, చేత్తో పిడికిట పట్టి చూసేవారు. పిడికిట్లో ముద్దగా నిలిచి, వేలు తగిలితే విడిపోవాలి. ఇప్పుడు మరకి తీసుకెళ్ళి పిండి ఆడిస్తాం. రోటి దగ్గర క్రియ మారిపోయినా జాతీయంలో మాత్రం పాత క్రియే ఉంది. రోకలి పట్టని మగవాళ్ళే ఆ జాతీయం ఎక్కువ వాడతారు. ఆ విద్య ఎవరిదో ఒక్కసారి తలుచుకుని వాడితే బావుంటుంది.

ఇంతవరకూ కొట్టింది మనం. ఇకనుంచి కొట్టించుకునేది మనం. ఎండ కొడుతుంది, ఈదురుగాలి కొడుతుంది, వాన జల్లు కొడుతుంది, కరెంటు షాకు కొడుతుంది. 1996 నవంబరు 6న తుపాను కొట్టింది. ఆ రాత్రి చూసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. తెల్లారేసరికి నేలకొరిగిన కొబ్బరి తోటలు చూసి తీరం దాటింది అనే రేడియో మాట ఎవరి నోటా రాలేదు. కొట్టింది అన్నారు. కొట్టించుకున్నవాళ్ళ మాట అది.

సముద్రం దగ్గర కాబట్టి మనకు ఇంకో వాడుక ఉంది, నుయ్యి నీళ్ళు ఉప్పు కొడుతున్నాయి అని. నాలిక్కి తగిలిన సంగతి. ముక్కుకు తగిలితే వాసన కొడుతోంది అంటాం. వేరే ఊళ్ళో ఈ మాట వంటింటి మాట. కూర మాడితే అంటారు, చెత్తకుండీ దగ్గర అంటారు. మన మామిడికుదురు మండలంలో అది వంటింటి మాటగా మిగల్లేదు. 1995 జనవరిలో పాసర్లపూడిలో గ్యాసు బావి పేలి మంట లేచింది. 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేసి పోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలింది. ఇరవైకి పైగా ప్రాణాలు పోయాయి. నిద్ర లేచి టీ నీళ్ళు పెట్టుకునే వేళ. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. అప్పట్నుంచి ఈ మండలంలో ఎవరైనా “గ్యాసు వాసన కొడతందండి” అంటే మాట్లాడేవాళ్ళు మాట ఆపేస్తారు. అందరూ ఒక్కసారి గాలి పీల్చి చూస్తారు. అగ్గిపెట్టె మీద చెయ్యి వెయ్యరు. ఒక మాటకు అర్థం ఎక్కడుంటుందని భాషాశాస్త్ర తరగతుల్లో పెద్ద చర్చ చేస్తారు. నగరం వచ్చి ఆ మాట అని చూడమనండి.

నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల్లో పాకలు కొట్టుకుపోయాయి. వరద తీశాక దుంగలూ వాసాలూ కొట్టుకొచ్చాయి. పోవడానికీ రావడానికీ ఒకే క్రియ. మన కాజ్‌వే మునిగినప్పుడల్లా ఈ రెండు మాటలూ మళ్ళీ వినబడతాయి. గండి కొట్టడం అనేది మాత్రం నది పని కాదు, మనిషి పని. నది చేస్తే గండి పడింది అంటాం, మనిషి చేస్తే కొట్టారు అంటాం. వరద రాత్రి ఏ గట్టు పడిందో ఏ గట్టు కొట్టారో అన్న తగువులో ఊళ్ళకు ఊళ్ళు మాటలు మానుకోవడానికి ఈ ఒక్క క్రియ తేడా చాలు.

కుర్రాళ్ళ మాటలను గురించి పెద్దలకు ఒక ఫిర్యాదు ఉంటుంది, ఇవన్నీ సినిమాలు నేర్పిన చెడ్డ తెలుగు అని. కొంత నిజమే, సినిమా పంచుతుంది. మనకు గోదారి అవతల నరసాపురంలో పుట్టిన జంధ్యాల గారు 1982లో ‘నాలుగు స్తంభాలాట’ తీశారు. విసిగించే మాటకు సుత్తి అనే పేరు ఆ సినిమాతో ఊరూరా పాకింది. వీరభద్రరావు, వేలు, ఇద్దరికీ అదే ఇంటిపేరైపోయింది. సుత్తి కొట్టకు అని ఇప్పుడు నలుగురిలో ఒకరైనా అంటారు. అది ఎందుకు నిలిచింది? సుత్తితో చేసే పని కొట్టడమే కాబట్టి, అదే దెబ్బ అదే చోట పదేపదే పడుతుంది కాబట్టి. అతికిన మాట నిలుస్తుంది, అతకనిది సినిమాతో పాటే వెళ్ళిపోతుంది. ఆ సినిమా వాళ్ళ దగ్గరే మన కాయ కూడా ఒక కొత్త అర్థం తెచ్చుకుంది. కొబ్బరికాయ కొట్టారంటే షూటింగు మొదలైంది, గుమ్మడికాయ కొట్టారంటే ముగిసింది. షూటింగులకు కోనసీమ వచ్చేవాళ్ళు ఈ మాటలు ఇక్కడ చెబుతుంటే మొదటిది మా ఊరిదే అని మనం అనొచ్చు.

దెబ్బ మాటను ఇన్ని పనులకు వాడటం మన ఒక్కరి చమత్కారం అనుకోవద్దు. తమిళులకు దెబ్బ వెయ్యడమంటే అడి. వాళ్ళకు బోరు అడిస్తుంది, తాగుబోతు ‘తణ్ణి’, అంటే మందు, అడిస్తాడు. మలయాళీలదీ అదే దారి. కన్నడిగులు హొడె అంటారు, వాళ్ళకూ బోరు హొడుస్తుంది. హిందీవాళ్ళు మార్నా అని కబుర్లూ కొడతారు, ఊరు చుట్టి చక్కరూ కొడతారు. ఇంకా పడమటికి పోతే పారశీకంలో కొట్టడానికి జదన్ అంటారు. మాట్లాడటం హర్ఫ్ జదన్, ఫోను చెయ్యడం జంగ్ జదన్, పళ్ళు తోముకోవడం మిస్వాక్ జదన్. మాటలు చాలావరకు వేరు వేరు వేళ్ళవి, నడిచిన దారి ఒక్కటే. మనిషి చేతికి మొదట తెలిసిన పని అది కాబట్టి కావచ్చునని నా నమ్మకం.

నోటి మాటను ఏరి రాసుకోవడం కొత్త పనేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవరలతో మాట్లాడి, వాళ్ళ నోటి నుంచి వాళ్ళ భాష రాసుకున్నారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. అంత పంతం గల మనిషి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గర మాటలు ఏరించి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటిని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసింది. అది వ్యవసాయం మాటలది. తరవాత చేనేత వచ్చింది. ఆ వరసలోనే మన దింపు మాటలూ, ఒలుపు మాటలూ, పడవ మాటలూ, కొట్టు మాటలూ వీధి వీధినా ఏరుకోవాలి. మాస్టారు కాయల చీటీల వెనక ఒంటిచేత్తో మొదలుపెట్టింది అదే పని. ఆ కాగితాలను ఈ ఊరి గ్రంథాలయంలో పెట్టి, కుర్రాళ్ళ చేత శుభ్రంగా ఎక్కించాలని నేను ఈ సభను అడుగుతున్నాను. ఎక్కించేటప్పుడు అర్థం ఒక్కటీ రాస్తే చాలదు. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ పని చేస్తూ అన్నారు, కోపంగానా ముద్దుగానా, ఇవన్నీ రాయాలి.

తొందర ఎందుకంటే కొన్ని అర్థాలు మన కళ్ళముందే పుట్టి మన కళ్ళముందే పోతున్నాయి. ఇక్కణ్ణుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎంతోమంది. ఫోను ఖరీదైన రోజుల్లో వాళ్ళు ఇంటికి మిస్డ్ కాల్ కొట్టేవారు. మోగించి ఎత్తకముందే పెట్టేస్తారు. ఒకసారి మోగితే క్షేమం, వరసగా రెండుసార్లు మోగితే డబ్బు పంపాను, ఆగకుండా మోగితే ఎత్తండి. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిది, పక్కింటికి తెలియదు. పొయ్యి దగ్గరున్న అమ్మ ఫోను మోగి ఆగిపోతే ఎత్తడానికి లేచేది కాదు. “మా అమ్మాయి కొట్టింది” అనేది, అంతే. ఇప్పుడు వీడియో కాల్ చేసి మొహాలు చూసుకుంటున్నారు. ఆ అర్థం అక్కర్లేకుండా పోయింది, ఇంటర్ చదివే పిల్లలకు చెబితే తప్ప తెలియదు. నాకు తెలిసినంతలో ఏ నిఘంటువులోకీ ఎక్కలేదు. ఆ ఫోన్లు కొట్టినవాళ్ళు, అందుకున్నవాళ్ళు ఈ షామియానా కింద ఉన్నారు. సభ అయ్యాక గుడి వెనక అరుగు మీద నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ పుస్తకాలు పట్టుకుని కూర్చుంటాం. మీ ఇంటి లెక్క ఏదో వచ్చి చెప్పండి, ముందు అదే రాసుకుంటాం.